వ్యాపారచిత్రాలు, డాక్యుమెంటరీలు - చలనచిత్రోత్సవ ప్రవేశం: జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
సంస్థల కోసం నిర్మించే వ్యాపారచిత్రాలకూ, స్వతంత్ర డాక్యుమెంటరీలకూ దేశవిదేశాల్లో ఉత్సవాలు, పురస్కారపోటీలు ఉన్నాయి. వాటిలో ప్రవేశానికి చిత్రం నాణ్యత ఒక్కటే చాలదు. విభాగనిర్ణయం, ప్రథమప్రదర్శన నియమం, హక్కులు, ఉపశీర్షికలు కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి. పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామల చరిత్రనూ పరిశ్రమలనూ ఉదాహరణగా తీసుకొని ఈ అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. చిన్నపట్టణాల నిర్మాతలు డబ్బుకు అమ్ముడయ్యే పురస్కారాల వల్ల నష్టపోకుండా పాటించదగిన జాగ్రత్తలను కూడా ఇందులో చర్చించడమైనది.

కీలకపదాలు: డాక్యుమెంటరీ, వ్యాపారచిత్రం, చలనచిత్రోత్సవం, జగ్గయ్యపేట, కాపీరైట్, ఉపశీర్షికలు.

1. ఉపోద్ఘాతం:
ఒకప్పుడు చలనచిత్రనిర్మాణం మద్రాసు, హైదరాబాదు వంటి నగరాలకే పరిమితం. నేడు నందిగామలో పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే యువకుని చేతిలో కూడా ఉత్సవస్థాయి చిత్రం తీయగల కెమెరా ఉంది. చిత్రాన్ని పంపడానికి ప్రింటు పెట్టెలు మోయనక్కరలేదు, అంతర్జాలంలో దరఖాస్తు నింపితే చాలు. ఈ సౌలభ్యంతోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. ఏ ఉత్సవం విలువైనదో, ఏది రుసుము కోసమే వెలసినదో కొత్తవారికి తెలియదు. చిత్రంపై పెట్టిన కొద్దిపాటి సొమ్ము ప్రవేశరుసుములకే హరించుకుపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ప్రవేశప్రక్రియను క్రమపద్ధతిలో తెలుసుకోవడం అవసరం.

2. రెండు చిత్రరూపాలు - వాటి సంబంధం:
ఒక సంస్థ తన ఉత్పత్తిని, పనితీరును, చరిత్రను చూపడానికి సొమ్ము పెట్టి తీయించుకొనేది వ్యాపారచిత్రం. వాస్తవాన్ని దర్శకుడు తన దృష్టితో పరిశీలించి చూపేది డాక్యుమెంటరీ. నిర్వచనంలో ఇవి వేరైనా చరిత్రలో వీటి మధ్య గోడ ఎన్నడూ గట్టిది కాదు. డాక్యుమెంటరీకి ఆదిగ్రంథంవలె భావించే 'నానూక్ ఆఫ్ ద నార్త్' (1922) చిత్రానికి రాబర్ట్ ఫ్లాహర్టీకి ధనసహాయం చేసినది రెవియాఁ ఫ్రేర్ అనే ఫ్రెంచి బొచ్చుచర్మాల వర్తక సంస్థ. డచ్చి దర్శకుడు బెర్ట్ హాన్‌స్ట్రా ఒక గాజు కర్మాగారం కోరిన చిత్రాన్ని తీస్తూ, ఆ పనిలోనే 'గ్లాస్' (1958) అనే లఘుచిత్రాన్ని కూడా రూపొందించాడు. గాజు ఊదే పనివారి ఊపిరినీ యంత్రాల లయనూ పక్కపక్కన చూపిన ఆ చిత్రానికి 1960లో జరిగిన ప్రదానోత్సవంలో ఆస్కార్ లభించింది. మనదేశంలో బర్మా షెల్ సంస్థ చిత్రవిభాగం 1950లలో గ్రామజీవితంపై చిత్రాలు తీయించింది. అందులో పనిచేసిన ఫాలీ బిలిమోరియా తరువాత ఫిల్మ్స్ డివిజన్‌కు తీసిన 'ద హౌస్ దట్ ఆనంద బిల్ట్' ఆస్కార్ నామినేషన్ పొందింది.

ఈ ఉదాహరణలు ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి. సొమ్ము ఎవరిదన్నది చిత్రస్వభావాన్ని పూర్తిగా నిర్ణయించదు. చిత్రం ఎవరి ప్రశ్నకు సమాధానం చెబుతున్నదన్నదే నిర్ణయిస్తుంది.

3. ఒకే రాయి - రెండు చిత్రాలు:
జగ్గయ్యపేట పూర్వనామం బేతవోలు. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట దీనికి ఈ పేరు పెట్టాడు. ఊరి సమీపంలోని ధనంబోడు గుట్టపై ఉన్న బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించాడు. ఇక్కడ లభించిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పకారుడు ఆయకస్తంభాలు దానం చేసినట్లు ఇక్కడి శాసనం తెలుపుతున్నది.

స్తూపఫలకాలకు వాడినది పల్నాటి సున్నపురాయి. అదే రాతి పొరలపై ఆధారపడి నేడు ఈ ప్రాంతంలో సిమెంటు పరిశ్రమ సాగుతున్నది. జయంతీపురంలోని రాంకో కర్మాగారం ఇందుకు నిదర్శనం. అంటే ఒకే రాయిపై ఇద్దరు దర్శకులు రెండు చిత్రాలు తీయవచ్చు. గని నుండి బస్తా వరకు ఉత్పత్తిక్రమాన్ని సంస్థ కోరిక మేరకు చూపితే అది వ్యాపారచిత్రం. శిల్పి ఉలి నుండి గనికార్మికుని పని వరకు ఆ రాయి నడిచిన దారిని ప్రశ్నిస్తూ చూపితే అది డాక్యుమెంటరీ. మొదటిదాన్ని డాక్యుమెంటరీ విభాగానికి పంపితే న్యాయనిర్ణేతలు ప్రచారంగా భావించి పక్కన పెడతారు. రెండోదాన్ని వ్యాపారచిత్రాల పోటీకి పంపితే సంస్థకు కలిగిన ప్రయోజనమేమిటన్న ప్రశ్నకు సమాధానం ఉండదు. మొదటి మెట్టులోనే విభాగాన్ని సరిగా నిర్ణయించుకోవాలనడానికి ఇదే కారణం.

4. ఉత్సవాన్ని ఎంచుకొనే విధానం:
4.1. ఉత్సవాల స్వభావం: డాక్యుమెంటరీలకు మనదేశంలో ప్రధానవేదిక ముంబై అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. 1990లో మొదలై రెండేళ్ళకొకసారి జరుగుతున్న ఈ ఉత్సవంలో అత్యున్నత పురస్కారం స్వర్ణశంఖం. కేరళలో 2008 నుండి డాక్యుమెంటరీ, లఘుచిత్రాలకు ప్రత్యేకోత్సవం ఉంది. గోవా ఉత్సవంలోని ఇండియన్ పనోరమాలో కథేతర చిత్రాలకు విభాగం ఉంది. విదేశాల్లో ఆమ్‌స్టర్‌డామ్, యమగాటా ఉత్సవాలు ప్రసిద్ధమైనవి. వ్యాపారచిత్రాలకు కాన్ కార్పొరేట్ మీడియా అండ్ టీవీ అవార్డ్స్ వంటి పోటీలు వేరుగా ఉన్నాయి. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో కూడా పర్యాటకం, ఎగుమతులు, చేతివృత్తులు, పరిశ్రమలను చూపే ప్రచారచిత్రాలకు చాలాకాలం ఒక విభాగం ఉండేది. ఆంధ్రప్రదేశ్ నంది పురస్కారాల్లోనూ డాక్యుమెంటరీకి స్థానం కల్పించారు.

4.2. అర్హతానియమాలు: జాతీయ పురస్కారాలకు నిర్ణీత క్యాలెండరు సంవత్సరంలో సెన్సారు ధ్రువపత్రం పొందిన చిత్రాలే అర్హమైనవి. డిసెంబరు చివర పూర్తయిన చిత్రానికి జనవరిలో ధ్రువపత్రం వస్తే అది మరుసటి సంవత్సరపు పోటీకి చేరుతుంది. ఆస్కార్ లఘుడాక్యుమెంటరీ విభాగానికి నిడివి, పేర్లపట్టికతో కలిపి, 40 నిమిషాలు మించరాదు. నిడివిని కూర్పు దశలోనే దృష్టిలో ఉంచుకోవడం మంచిది.

4.3. ప్రథమప్రదర్శన: పెద్ద ఉత్సవాలు అనేకం తమ వద్దనే చిత్రం మొదటిసారి ప్రదర్శితం కావాలని కోరతాయి. యూట్యూబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన చిత్రానికి ఆ అవకాశం పోవచ్చు. ఊరివారికి చూపాలన్న ఆత్రుతతో ముందే విడుదల చేయడం కొత్త దర్శకులకు ఇక్కడే నష్టం తెస్తుంది. మొదట పెద్ద ఉత్సవాలకు, ఫలితం తేలిన తరువాత ప్రాంతీయోత్సవాలకు, చివరకు అంతర్జాలానికి అన్నది అనుసరించదగిన క్రమం.

5. హక్కులు, అనుమతులు:
1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒకరి కోరికపై ప్రతిఫలం తీసుకొని చలనచిత్రం తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు కోరినవారే దానికి తొలి హక్కుదారు. కాబట్టి వ్యాపారచిత్రాన్ని తీసిన వ్యక్తి సంస్థ అనుమతి లేకుండా దాన్ని పోటీకి పంపలేడు. ఉత్సవాలకు పంపే హక్కు, రుసుము చెల్లించే బాధ్యత, బహుమతి వస్తే పేరు ఎవరికి, సొమ్ము ఎవరికి అన్న విషయాలను ఒప్పందపత్రంలోనే రాసుకోవాలి.

పాటల విషయం మరింత సున్నితమైనది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళను చిత్రీకరించేటప్పుడు మైకులో మోగే సినిమాపాట చిత్రంలోకి వచ్చేస్తుంది. ఆ పాట హక్కు నిర్మాత చేతిలో ఉండదు. ఉత్సవంవారు హక్కులన్నీ ఉన్నట్లు సంతకం కోరతారు. కూర్పులో ఆ ధ్వనిని తొలగించడమో, అనుమతి పొందడమో చేయాలి. రక్షితస్మారకాల వద్ద చిత్రీకరణకు సంబంధిత పురావస్తుశాఖ అనుమతి, మ్యూజియం ఫలకాల చిత్రాలకు ఆ మ్యూజియం అనుమతి ముందుగా తీసుకోవాలి. కెమెరా ముందు మాట్లాడినవారి అంగీకారపత్రాలు తెలుగులోనే ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించి, చిత్రం ఎక్కడెక్కడ ప్రదర్శితమవుతుందో చెప్పాలి. ఇది చట్టానికే కాదు, మర్యాదకు కూడా సంబంధించినది.

6. ఉపశీర్షికలు - భాషాసమస్య:
తెలుగు తెలియని న్యాయనిర్ణేతకు ఉపశీర్షికే చిత్రంలోని మనిషి గొంతు. యంత్రానువాదాన్ని యథాతథంగా వాడితే ఆ గొంతు మారిపోతుంది. 'కల్లం' అన్న మాటకు నిఘంటువు ధాన్యం నూర్చే చోటు అని చెబుతుంది. నందిగామ ప్రాంతంలో మిరపకాయలు ఆరబెట్టే చోటు కూడా కల్లమే. తెరపై ఎర్రని మిరపరాశి కనిపిస్తుంటే ఉపశీర్షికలో నూర్పిడి ప్రస్తావన వస్తే ప్రేక్షకుడు అయోమయంలో పడతాడు. 'ప్రభ' అన్న మాటను కాంతి అని అనువదిస్తే తిరునాళ్ళలో బండిపై కట్టే ఎత్తైన అలంకృత నిర్మాణం మాయమవుతుంది. 'మెట్ట' అన్నప్పుడు ఎత్తైన నేల అన్న అర్థంతోపాటు వానపై ఆధారపడే సేద్యమన్న అర్థం కూడా ఉంది. సందర్భాన్ని బట్టి ఒకదాన్ని ఎంచుకోవాలి. మాట్లాడే వేగంలో మాటలన్నీ ఉపశీర్షికలో ఇమడవు. కనుక రెండు వరుసలకు మించకుండా భావాన్ని కుదించి, ప్రాంతం తెలిసిన వ్యక్తిచేత సరిచూపించుకోవాలి.

7. అమ్మకపు పురస్కారాలు:
ప్రవేశరుసుము తీసుకోవడమే తప్పు కాదు. పేరున్న ఉత్సవాలు కూడా తీసుకుంటాయి. అయితే ప్రదర్శనశాల లేకుండా, ప్రేక్షకులు లేకుండా, నెలనెలా పదుల విభాగాల్లో విజేతలను ప్రకటించే పోటీలు కూడా ఉన్నాయి. గెలిచినవారినే జ్ఞాపికకు, ధ్రువపత్రానికి వేరే సొమ్ము అడగడం వీటి లక్షణం. దరఖాస్తుకు ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. నిరుడు ఏ శాలలో ఏ చిత్రాలు ప్రదర్శించారు? న్యాయనిర్ణేతల పేర్లు ప్రకటించారా? గతవిజేతల చిత్రాలు మరెక్కడైనా ఆదరణ పొందాయా? రుసుము మినహాయింపు కోరితే సమాధానమిస్తున్నారా? వీటికి జవాబు దొరకని పోటీకి పంపే రుసుమును ఉపశీర్షికలపై పెట్టడం మేలు.

8. తెలుగునాట ఒక ఆదర్శం:
జహీరాబాదు ప్రాంతంలోని పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ప్రోత్సాహంతో దళిత మహిళారైతులు కెమెరా పట్టి కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. వరంగల్లులో బీటీ పత్తి సాగును మూడేళ్ళపాటు వెంబడించి వారు తీసిన చిత్రం విదేశీ ప్రేక్షకులను కూడా చేరింది. ఒక పంట చూసి ముగించక, అవే పొలాలకు పంట తరువాత పంటకు తిరిగి వెళ్ళడమే ఆ చిత్రానికి బలం. పత్తి, మిరప పండే నందిగామ మెట్టకు ఈ పద్ధతి దగ్గరిది. ఊళ్ళోనే ఉండే దర్శకునికి కాలం ఖర్చులేని పెట్టుబడి. నగరం నుండి నాలుగు రోజులకు వచ్చే బృందానికి అది దొరకదు.

9. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
1. చిత్రం ఎవరి ప్రశ్నకు సమాధానమో తేల్చుకొన్న తరువాతే విభాగాన్ని ఎంచుకోవాలి.
2. ధ్రువపత్రం తేదీ, నిడివి, ప్రథమప్రదర్శన అన్నవి చిత్రం పూర్తికాకముందే ఆలోచించవలసిన విషయాలు.
3. వ్యాపారచిత్రంలో ఉత్సవహక్కు ఒప్పందపత్రంలో లేకపోతే దర్శకునికి అది లేనట్లే.
4. ప్రాంతీయపదాలకు సరైన ఉపశీర్షిక లేకపోతే చిత్రంలోని విశేషమే ప్రేక్షకునికి అందదు.
5. ప్రదర్శన లేని పురస్కారం చిత్రానికి ప్రేక్షకుణ్ణి ఇవ్వదు.

ధనంబోడు శాసనంలో సిద్ధార్థుడు తన ఊరిపేరు, తండ్రిపేరు, కుటుంబసభ్యుల పేర్లు చెక్కించాడు. పనిచేసినవారి పేరు నిలవాలన్న కోరిక ఈ నేలకు కొత్తది కాదు. చిత్రం చివర వచ్చే పేర్లపట్టిక కూడా అటువంటి శాసనమే. దాన్ని తగిన ప్రేక్షకుల ముందు నిలిపే మార్గంగా ఉత్సవాన్ని భావించినప్పుడే ప్రవేశానికి పడిన శ్రమ సార్థకమవుతుంది.