తెరపై చెరగని చుక్క

ఇడపనూరు నుండి రాయచూరుకు వెళ్ళి కుటుంబసమేతంగా తెలుగు చిత్రం చూస్తున్న వారికి, చీకటి సన్నివేశంలో ఒక చిన్న ఆకుపచ్చని చుక్క కనిపించిందనుకుందాం. మిణుగురు పురుగని భ్రమించవచ్చు. కానీ దృశ్యం మారినా, పాట వచ్చినా ఆ చుక్క కదలదు. అది చిత్రంలోని దోషం కాదు. ప్రొజెక్టరులోని ఒక అద్దం బిగుసుకుపోయిందనడానికి సంకేతం.

రీళ్ళ కాలంలో ఆట ఆటకూ గీతలు పడి, ప్రింటు పల్లెలకు చేరేసరికి తెరపై వాన కురుస్తున్నట్లుండేది. డిజిటల్ ప్రతికి ఆ అరుగుదల లేదు. ఇప్పుడు భారమంతా యంత్రంపైనే పడింది.

సినిమాహాళ్ళలోని అనేక ప్రొజెక్టర్లలో పనిచేసే ఈ చిప్‌ను అమెరికాలోని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థకు చెందిన లారీ హార్న్‌బెక్ 1987లో రూపొందించారు. ఇందుకుగాను 2015లో ఆయనకు ఆస్కార్ పురస్కారం లభించింది. పెద్ద ప్రొజెక్టరులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కొక్కటి చొప్పున మూడు చిప్‌లుంటాయి. 2కె రకం చిప్‌పై 2048 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు, అనగా 22 లక్షలకు పైగా సూక్ష్మమైన అద్దాలు అమరి ఉంటాయి. ఒక్కొక్కటీ సెకనుకు వేలసార్లు అటూ ఇటూ వంగుతూ కాంతిని తెరపైకి పంపడమో, పక్కకు మళ్ళించడమో చేస్తుంది. 40 అడుగుల తెరపై ఒక్క అద్దం వేసే చుక్క శనగగింజంత ఉంటుంది.

ఇన్నిసార్లు వంగే కీలు విరిగిపోదా అన్న సందేహం సహజం. పరీక్షలలో ఈ కీళ్ళు లక్ష కోట్ల సార్లకు మించి వంగినా విరగలేదు. కనుక వీటికి అసలు శత్రువు శ్రమ కాదు, వేడి. అధిక వేడిలో ఎక్కువసేపు ఒకే పక్కకు వంగి ఉన్న అద్దం క్రమేణా ఆ పక్కకే అలవాటుపడి, తిరిగి లేవలేకపోతుంది. దుమ్ముతో జల్లెడలు పూడుకుపోతే గాలి ఆడక ఆ వేడి మరింత పెరుగుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, నల్లరేగడి దుమ్ము గల రాయచూరు సీమలో ఈ జాగ్రత్త మరీ అవసరం. బిగుసుకున్న అద్దాన్ని విడిగా బాగుచేయడం సాధ్యం కాదు. చిప్‌నే మార్చవలసి ఉంటుంది.

ప్రేక్షకులు లోపాన్ని సులభంగా గుర్తించవచ్చు. ప్రతి దృశ్యంలోనూ ఒకే చోట స్పష్టంగా వెలిగే రంగుచుక్క అద్దం లోపం. అంచులు మసకగా కనిపించే మచ్చ సాధారణంగా కాంతిమార్గంలో చేరిన దుమ్ము. అది శుభ్రం చేస్తే పోతుంది. దృశ్యంతోపాటు మాయమయ్యే చుక్క చిత్రంలోనిదే.

చుక్క కనిపించినప్పుడు విరామ సమయంలో థియేటరు వారికి తెలియజేయడం మేలు. ప్రొజెక్టరు గదిలో చల్లదనం, శుభ్రమైన జల్లెడలు, ఆట ముగిశాక యంత్రం చల్లారేవరకు ఆగని పంకా: ఈ మూడూ ఉంటే చిప్ దీర్ఘకాలం మన్నుతుంది. జల్లెడ దులపడానికి పట్టేది కొద్ది నిమిషాలే. నిర్లక్ష్యం చేస్తే దూరం నుండి డబ్బు పెట్టి వచ్చిన కుటుంబానికి మిగిలేది తెరపై చెరగని చుక్క.