బొమ్మ గీయడం రాదా? అచ్చు కొయ్యండి!

బోనాలకు ఇంకా వారం రోజులుంది. లాల్‌దర్వాజలో ఏ ఇంట చూసినా సున్నాలు, రంగులు, దులపడాలు. మా అత్తగారు చీటీ డబ్బులతో ముందుగదికి కొత్తగా సున్నం వేయించారు. ఆడపడుచులు వచ్చేలోగా ఆ గోడమీద పూలతీగ వేసి అందర్నీ ఆశ్చర్యపరచాలని నా ఉబలాటం. బొమ్మలు గీయడం నాకు రాదాయె. అందుకే అట్టముక్కలో పువ్వు ఆకారం కోసి, టేపుతో గోడకు అంటించి, బ్రష్షు నిండా రంగు ముంచి రాసేశాను. అట్ట తీసి చూద్దును కదా, పువ్వు లేదు, కిందికి కారుతున్న ఎర్రటి మరక! టేపుతోపాటు సున్నం కూడా పెచ్చుగా ఊడి వచ్చింది.

"గోడ ఖరాబు చేసినవ్ గదనే!" అన్నారు అత్తగారు. ఆ రోజంతా ఇంకో మాట మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

పక్కింటి ఖాలా ఏళ్ల తరబడి కార్చోబ్ మగ్గం పని చేస్తున్నారు. సంగతి విని నన్ను వాళ్లింటికి తీసుకెళ్లి 'ఖాకా' చూపించారు. బటర్ పేపరుమీద డిజైను గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. దాన్ని బట్టమీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని గుడ్డ ఉండతో పైన రుద్దుతారు. చిల్లుల్లోంచి చుక్కలు చుక్కలుగా డిజైను బట్టమీదకు దిగుతుంది. మన ముగ్గుజల్లెడలాంటిదే అనుకోండి! ఆవిడ గుడ్డను రుద్దేముందు గట్టిగా పిండడం గమనించాను.

"రంగు జర తక్కువ తీస్కో బేటా. తడి ఎక్కువైతే చుక్కలన్నీ కలిసిపోతయ్" అన్నారు.

నా తప్పు అక్కడే తెలిసింది. స్టెన్సిల్‌కి కావలసింది ఎక్కువ రంగు కాదు, ఎక్కువ ఓపిక.

మొదట గోడ జోలికి వెళ్లకండి

కొత్తగా నేర్చుకునేవాళ్లు దిండు గలీబుతోనో, కర్టెను అంచుతోనో మొదలుపెట్టడం మంచిది. నూలుబట్టయితే గంజి పోయేలా ఉతికి, ఇస్త్రీ చేయండి. ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటే అచ్చుకు అంతకన్నా మంచిది లేదు. అట్టయితే తడికి మెత్తబడిపోతుంది. ఫిల్ముమీద డిజైను గీసి, కింద మందపాటి అట్ట పెట్టి, కట్టర్ బ్లేడుతో కోయండి. వంపుల దగ్గర బ్లేడుకు బదులు ఫిల్మును తిప్పితే గీత నున్నగా వస్తుంది.

కోసేటప్పుడు రేకకీ రేకకీ మధ్య సన్నని పట్టీ వదలడం మరిచిపోకండి. పట్టీ లేకపోతే మధ్యముక్క ఊడిపోతుంది. ఇది అర్థం కావాలంటే సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో ఉన్న పైగా సమాధులకు ఒకసారి వెళ్లి రండి. 18వ శతాబ్దం చివర్లో మొదలైన ఆ కట్టడాల్లో జాలీలు చూస్తే, ప్రతి ముక్కా పక్కముక్కను పట్టుకునే ఉంటుంది. మన ఫిల్ములో పట్టీ చేసే పనీ అదే.

అద్దడమే, రాయడం కాదు

బట్ట కింద పాత పేపరు పరిచి, అచ్చును కదలకుండా టేపుతో అంటించండి. ఫాబ్రిక్ కలర్లో నీళ్లు కలపొద్దు. స్పాంజిముక్కను రంగులో తాకించి, ముందు పాత పేపరుమీద రెండు మూడుసార్లు అద్దండి. దాదాపు పొడిగా అనిపించినప్పుడే అచ్చుమీద నిలువుగా తట్టండి. రంగు పలచగా ఉంటే ఆరాక ఇంకోసారి అద్దుకోవచ్చు. కారిన రంగును మాత్రం వెనక్కి తీసుకోలేం! అచ్చును నిట్టనిలువుగా పైకెత్తి, వెనకవైపు తుడిచాకే రెండో పువ్వుకు వెళ్లండి.

ఒకరోజు ఆరనిచ్చి, బట్టను తిరగేసి ఇస్త్రీ చేయండి. మూడు రోజులదాకా ఉతకొద్దు.

చెయ్యి తిరిగాక గోడమీద వేసుకోవచ్చు. అయితే పొడి రాలే సున్నపు గోడ, చెమ్మ పట్టిన గోడ పనికిరావు. డిస్టెంపరు, ఎమల్షను వేసిన గోడలైతే మేలు. ముందు తలుపు వెనక ఓ మూల చిన్న టేపుముక్క అంటించి తీసి చూడండి. టేపుతో రంగు ఊడి వస్తే ఆ గోడను వదిలేయండి.

ఆ వారం నేను ఖాలా ఇంట్లో కూర్చుని రెండు గలీబులు పూర్తి చేశాను. రెండోదే కాస్త బాగుంది. బోనాలనాడు పెద్దాడపడుచు దాన్ని చేతిలోకి తీసుకుని "ఏడ కొన్నవమ్మా?" అని వాళ్లమ్మను అడిగింది.

"కొన్నది గాదు, మా కోడలు ఏసింది" అన్నారు అత్తగారు. గోడ సంగతి మాత్రం ఎత్తలేదు. ఆ మరకమీద అప్పటికే ఆవిడే క్యాలెండరు తగిలించారు మరి!