పక్షుల పేర పైకం

మా అత్తగారు తన పసుపు కుంకుమల పైకం పోస్టాఫీసులో వేసి వడ్డీ మాత్రమే వాడేవారు. అసలు ముట్టనిచ్చేవారు కాదు.

సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు చెరువు చూశారా? 1976లో దాన్ని పక్షుల రక్షిత కేంద్రం చేశారు. 2022 నుంచి అది తిరుపతి జిల్లా, మనకు మాత్రం నెల్లూరే! వానలు పడగానే గూడబాతులు, నత్తగుల్లకొంగలు వచ్చి నీటికడప చెట్లమీద గూళ్ళు కడతాయి. రెట్ట కలిసిన నీరు పొలానికి బలమని రైతుల మాట. నిజమే, కాని కొమ్మ నరక్కూడదంటే పొయ్యిలోకి పుల్ల, గొడ్డుకు మేత మాటేమిటి? ఆ లోటు ఊరే భరించాలా?

2002 జీవవైవిధ్య చట్టం ఇలాంటి వాటికే స్థానిక నిధి ఏర్పాటు చేసింది. సర్కారు గ్రాంటు, మొక్కా మూలికా వ్యాపారానికి కోసుకెళ్ళేవారి రుసుము అందులో పడతాయి. ఏటా లెక్కలు ఆడిట్ చేయించాలి. కమిటీలో ఆడవాళ్ళుండాలి. సంతకానికి కాదండీ, పాసుపుస్తకం అడిగి చూడ్డానికి!

గ్రాంటు ఒక ఏడు వస్తుంది, ఒక ఏడు రాదు. చెట్టుకు కాపలా ఏటా కావాలి. అందుకని కొంత అసలుగా బ్యాంకులో ఉంచి వడ్డీతో నడపడం మేలు. ఆ వడ్డీలోనూ కాస్త మళ్ళీ అసలులో కలపాలి, ధరలు ఊరుకోవు గనుక. మా అత్తగారు కలపలేదు. చివరికి ఆ వడ్డీ కాఫీపొడికే సరిపోయింది.