బొంత కుట్టు: చూపుకు చిక్కు, చేతికి సులువు

హాస్టల్‌కు వచ్చేటప్పుడు మనలో చాలామంది ట్రంకు పెట్టెతోపాటు ఇంటి బొంత కూడా తెచ్చుకుంటాం. దాని మీద దుప్పటి కప్పి దాచేవారూ ఉన్నారు. అదే ముక్కల పనిని పట్టణంలో ప్యాచ్‌వర్క్ అని వేలాడదీస్తే మాత్రం ఆగి చూసి, ఎంత కష్టపడ్డారో అంటాం. కష్టం ఉంది గానీ, అది మనం అనుకునే చోట లేదు.

తిరునాళ్లలో అమ్మే కాగితపు గాలిమరలా కనిపించే త్రికోణాల బొంతనే తీసుకుందాం. ఒక్కొక్క త్రికోణాన్ని విడిగా కత్తిరించి అతికారనుకుంటాం. అలా చేస్తే పని చెడుతుంది. నేతకు ఏటవాలుగా కోసిన అంచు, టైలర్లు క్రాసు అనేది, లాగితే సాగిపోతుంది. అందుకే ముందు కుట్టి, తర్వాత కోయాలి. ఉతికి ఆరేసిన లేత రంగు, ముదురు రంగు గుడ్డలను 5 అంగుళాల చదరాలుగా కత్తిరించండి. లేతదాని మీద ముదురుదాన్ని, మంచి వైపులు లోపలికి వచ్చేలా పెట్టి, మూల నుంచి మూలకు సుద్దతో గీయండి. గీతకు ఇటూ అటూ పావు అంగుళం దూరంలో రెండు కుట్లు వేసి, గీత మీద కోయండి. విప్పితే రెండు చదరాలు, ప్రతిదానిలో సగం లేత, సగం ముదురు. నాలుగున్నర అంగుళాలకు సరిచేసుకుంటే చాలు. అన్నీ తిన్నని కుట్లే!

ఇటువంటివి నాలుగు కలిపితే గాలిమర. తిప్పి పెడితే వజ్రం, మెట్లు, అలలు. ఒక్కో చదరాన్ని నాలుగు విధాలుగా పెట్టవచ్చు కనుక 4×4×4×4, అంటే 256 అమరికలు. పదో తరగతి తమ్ముళ్లు, చెల్లెళ్లు సరిచూసుకోవచ్చు. రంగుల కన్నా లేత, ముదురు తేడా ముఖ్యం. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ముదురైతే దూరానికి కలిసిపోతాయి. కళ్లు సగం మూసి చూస్తే తెలుస్తుంది.

6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బొంతకు 54 గాలిమరలు కావాలి. అంటే లేతవి 108, ముదురువి 108 చదరాలు. ఒక చీరలో 300కు పైగానే వస్తాయి కనుక, చిరుగులు వదిలేసినా రెండు పాత చీరలు సరిపోతాయి.

ఇంకా సులువైనది, నడుమ ఒక చదరం పెట్టి చుట్టూ పట్టీలు కుట్టుకుంటూ పోవడం. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసల సంతతివారైన అక్కడి నల్లజాతి స్త్రీలు పాత పని బట్టలతో ఇలాంటివి కుట్టుకున్నారు. దీన్ని హౌస్‌టాప్, అంటే ఇంటికప్పు అంటారు. చలికి కప్పుకున్న ఆ బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది.

ఇక అసలు కష్టం. పై పొర సిద్ధమయ్యాక అడుగున ఒక చీర, మధ్యలో రెండు పాత నూలు చీరలు పరిచి, ముడత పడకుండా కచ్చా కుట్టు వేసి, ఆపైన అన్ని పొరలూ పట్టేలా వరుస తర్వాత వరుస చేతికుట్టు వేయాలి. నడుము వంచి రోజుల తరబడి చేసే పని. మన అమ్మలు, అమ్మమ్మలు కూలి నుంచి వచ్చాక దీపం దగ్గర చేసింది ఇదే.

ఈ సెలవుల్లో మీ ఇంటి బొంత మీది నమూనాను తెల్లకాగితం మీద గీసి, దాన్ని ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో అడిగి రాసుకు రండి. వచ్చే సంచికలో వాటికి రెండు పేజీలు ఇమ్మని మేము సంపాదకవర్గాన్ని అడుగుతాం.