దోమలపై దండెత్తిన సైనిక వైద్యుడు: విలియం గోర్గాస్

పనామాలో కాలువ తవ్వడానికి పూనుకొన్న ఫ్రెంచి కంపెనీవారు 1882లో ఆంకాన్ అనే కొండవాలున ఒక పెద్ద ఆసుపత్రి కట్టించినారు. గాలి, వెలుతురు ధారాళంగా వచ్చే వార్డులు, చుట్టూ పూలతోట, సేవ చేయడానికి క్రైస్తవ సన్యాసినులు. చూడడానికి ఏ లోపమూ లేదు. చీమలు తోటను పాడుచేస్తున్నవని మొక్కల చుట్టూ మట్టిపళ్లేలు పెట్టి నీరు నింపినారు. రోగుల మీదికి చీమలు ఎక్కకుండా మంచపుకోళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంచినారు. (తినుబండారాలు పెట్టే అలమారు కాళ్ల కింద ఇట్టి గిన్నెలు పెట్టడం మన ఇళ్లలోనూ ఉన్నదే.) కాని వేరే జబ్బుతో ఆ ఆసుపత్రిలో చేరినవారికి కూడా కొన్నాళ్లకు పచ్చజ్వరం పట్టుకొనేది. సన్యాసినులు కూడా దానికి బలి అయినారు. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. ఫ్రెంచివారి కాలంలో పనామాలో చనిపోయినవారు సుమారు 22,000 మంది అని తరువాత గోర్గాస్ అంచనా కట్టినాడు.

ఆ కారణం మంచం కింది నీళ్ల గిన్నెలోనే ఉన్నది. దానిని ఎరిగి, ఆ ప్రాంతంలో పచ్చజ్వరాన్ని తుడిచిపెట్టినవాడు అమెరికా సైన్యంలో వైద్యాధికారియైన విలియం క్రాఫర్డ్ గోర్గాస్.

ఆయన 1854లో అలబామా రాష్ట్రంలో పుట్టినాడు. తండ్రి సైనికుడు. తానూ సైనికుడే కావలెనని ఆశపడినాడు గాని, వెస్టు పాయింటు సైనిక కళాశాలలో ప్రవేశం దొరకలేదు. వైద్యం చదివితే ఆ దారిని సైన్యంలో చేరవచ్చునని 1879లో వైద్య పట్టం పొంది, మరుసటి ఏడే సైన్యంలో చేరినాడు. 1882లో టెక్సాసులోని బ్రౌన్ కోటలో పచ్చజ్వరం చెలరేగినప్పుడు అది ఆయనకూ సోకినది. ఈ జ్వరంలో కాలేయం చెడి కళ్లు, చర్మం పచ్చబడతవి. ముదిరితే నల్లని వాంతులవుతవి. బతికి బయటపడినవారికి మాత్రం మళ్లీ రాదు. ఆ విధంగా గోర్గాస్ ఈ రోగుల మధ్య నిర్భయంగా తిరగగలవాడైనాడు. తరువాత ఎక్కడ పచ్చజ్వరం వచ్చినా పైఅధికారులు ఆయననే పంపసాగినారు.

1898లో అమెరికా సైన్యం క్యూబాను స్వాధీనం చేసుకొన్నది. రాజధాని హవానా నగర ఆరోగ్య బాధ్యత గోర్గాస్‌ది. రోగానికి మూలం మురికి అని అప్పటి వైద్యుల నమ్మకం. ఆయన నమ్మకమూ అదే. సైనిక క్రమశిక్షణతో వీధులు ఊడ్పించి, పెంటకుప్పలు ఎత్తించి, నగరాన్ని అద్దంలా చేసినాడు. విరేచనాల వంటి జబ్బులు తగ్గినవి. పచ్చజ్వరం మాత్రం పెరిగినది! 1900లో హవానాలో దానివల్ల 310 మంది చనిపోయినారు. అందులోనూ శుభ్రమైన, సంపన్నుల పేటలలోనే అది ఎక్కువగా కనిపించినది.

హవానా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే ఈ రోగం దోమవల్ల వస్తుందని చెప్పినాడు. అందరూ నవ్వినారు. 1900లో సైనిక వైద్యుడు వాల్టర్ రీడ్ నాయకత్వాన ఒక సంఘం దానిని పరీక్షకు పెట్టినది. సంఘ సభ్యుడు లాజియర్ ఆ పనిలోనే దోమ కుట్టి, పచ్చజ్వరంతో చనిపోయినాడు. తరువాత రీడ్ రెండు ఇళ్లు కట్టించినాడు. మొదటిదానిలో రోగుల వాంతులతో, మలమూత్రాలతో మలినమైన పక్కబట్టలు నింపి, ఇరవై రాత్రులు మనుష్యులను పడుకోబెట్టినాడు. ఒక్కరికీ జ్వరం రాలేదు. రెండవ ఇల్లు పరమ శుభ్రమైనది. దానిని తీగవలతో రెండు భాగాలు చేసి, ఒకవైపు మాత్రమే రోగులను కుట్టిన దోమలను వదలినాడు. ఆ వైపు ఉన్నవానికి జ్వరం వచ్చినది. వలకు ఆవలివైపున అదే గాలి పీల్చినవారికి రాలేదు. ఉపాధ్యాయులు ఈ ప్రయోగాన్ని తరగతిలో నల్లబల్లపై గీసి చూపవచ్చును. ఒక్క కారణాన్ని మాత్రమే మార్చి, తక్కినవన్నీ సమానంగా ఉంచడం ఎట్లో ఇంతకంటె స్పష్టంగా తెలిపే ఉదాహరణ అరుదు.

గోర్గాస్ మొదట సందేహించినాడు. రుజువు కనిపించిన తరువాత తన పద్ధతిని మొత్తంగా మార్చుకొన్నాడు. నేడు ఈడిస్ ఈజిప్టై అని పిలిచే ఆ దోమ మురుగు గుంటలో పెరగదు. ఇంటిలో నిలవ ఉంచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. హవానా శుభ్రమైన ఇళ్లలో జ్వరం ఎందుకు పెరిగినదో ఇప్పుడు తెలిసినది. దోమ రోగిని మొదటి కొద్ది రోజులలో కుట్టవలెను. తరువాత దాదాపు పన్నెండు రోజులకు గాని అది ఇతరులకు రోగం అంటించలేదు. కాబట్టి రోగిని వెంటనే దోమ చొరని గదిలో ఉంచినా, ఇంట్లో దోమలు పెరగకుండా చేసినా గొలుసు తెగుతుంది. గోర్గాస్ 1901 ఫిబ్రవరిలో ప్రారంభించినాడు. పరీక్షకులు ఇంటింటికీ తిరిగి పీపాలకు, తొట్లకు మూతలు వేయించినారు; వేయనివానికి జరిమానా. మూత వేయరాని నీటిపై కిరసనాయిలు పోయించినారు. ఆ సంవత్సరంలో మరణాలు 18. మరుసటి ఏడు ఒక్కటీ లేదు.

1904లో కాలువ పని అమెరికా చేతికి వచ్చినది. గోర్గాస్ అక్కడి ఆరోగ్యాధికారి అయినాడు. అయితే దోమల సిద్ధాంతం వట్టి చాదస్తమని కాలువ సంఘం పెద్దల అభిప్రాయం. అడిగిన సామగ్రి పంపరు; డబ్బు ఇవ్వరు. 1905లో పచ్చజ్వరం విజృంభించి, అమెరికా ఉద్యోగులు ఓడలెక్కి పారిపోసాగినారు. గోర్గాస్‌ను తీసివేయవలెనని అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టుకు సలహా వెళ్లినది. ఆయన తన మిత్రుడైన ఒక వైద్యుని మాట విని గోర్గాస్‌నే ఉంచినాడు. కొత్తగా వచ్చిన ముఖ్య ఇంజనీరు జాన్ స్టీవెన్స్ సుమారు 4,000 మంది పనివారిని ఆరోగ్యశాఖకు ఇచ్చినాడు. పనామా నగరంలో ఇల్లిల్లూ మూసి గంధకం, పైరెత్రం పొగ వేసినారు. అంతకంటె ముఖ్యమైనది కుళాయి. గొట్టాల ద్వారా నీరు రాగానే పీపాల అవసరమే పోయినది. 1905 నవంబరు తరువాత పనామా నగరంలో పచ్చజ్వరం కనిపించలేదు.

మలేరియా అంత సులభంగా లొంగలేదు. అది అనాఫిలిస్ దోమవల్ల వస్తుందని 1897లో మన సికిందరాబాదులో కనిపెట్టిన రొనాల్డ్ రాస్ కూడా సైనిక వైద్యాధికారియే. ఈ దోమ ఇంటి తొట్టిలో గాక పొలాల కాలువలలో, పచ్చిక నీటిలో పెరుగుతుంది. కాబట్టి గడ్డి కోయించడం, మురుగు కాలువలు తవ్వించడం, నూనె చల్లించడం, క్వినైను పంచడం, కిటికీలకు తీగవలలు బిగించడం, అన్నీ ఏళ్ల తరబడి సాగినవి. 1906లో సుమారు 26,000 మంది ఉద్యోగులలో 21,000 మందికి పైగా మలేరియాతో ఆసుపత్రిలో చేరినారు. 1912లో ఉద్యోగులు 50,000 దాటినా రోగులు 5,600 మాత్రమే. మలేరియా తగ్గినది గాని పోలేదు.

ఇంకొక మాట చెప్పకపోతే ఈ కథ అసంపూర్ణం. అమెరికావారి కాలంలో కాలువ పనిలో నమోదైన 5,609 మరణాలలో సుమారు 4,500 మంది వెస్టిండీసు నుండి వచ్చిన నల్లజాతి కూలీలు. తెల్లవారి ఇళ్లకు బిగించిన తీగవలలు వారిలో చాలామంది గుడిసెలకు అందలేదు. న్యుమోనియా వారిని ఎక్కువగా తీసుకొనిపోయినది.

1914లో కాలువ తెరచినారు. ఆ ఏడే గోర్గాస్ సైనిక వైద్యశాఖకు అధిపతి అయినాడు. ఇదే పద్ధతితో పచ్చజ్వరాన్ని ప్రపంచంలోనే లేకుండా చేయవచ్చునని నమ్మి, 1920లో పశ్చిమాఫ్రికాకు బయలుదేరినాడు. దారిలో లండనులో పక్షవాతం వచ్చినది. బ్రిటిషు రాజు అయిదవ జార్జి ఆసుపత్రికి వచ్చి బిరుదునిచ్చినాడు. జూలైలో గోర్గాస్ మరణించినాడు.

ఆయన ఆశ నెరవేరలేదు. దక్షిణ అమెరికా అడవులలో కోతులకూ ఈ జ్వరం వస్తుందనీ, ఈడిస్ ఈజిప్టై లేకపోయినా అడవిదోమలే దానిని నిలుపుతున్నవనీ 1930లలో తెలిసినది. అడవిలోని దోమలకు మూతలు వేయలేము గదా. 1937లో మాక్స్ థైలర్ తయారుచేసిన టీకా అక్కడ రక్షణ అయినది. మన దేశంలో ఈడిస్ ఈజిప్టై దోమ ఉన్నది. డెంగ్యూ, చికున్‌గన్యా మోసేది అదే. పచ్చజ్వరపు వైరస్ మాత్రం ఇక్కడ లేదు. అది ఒక్కసారి ప్రవేశిస్తే మోయడానికి దోమ సిద్ధంగా ఉన్నది. అందుకే ఆ జ్వరమున్న దేశాల నుండి వచ్చే ప్రయాణికులు టీకా పత్రం చూపవలెను. లేనివారిని ఆరు రోజుల వరకు దోమలు చొరని గదిలో ఉంచుతారు.