తీగ లేని ఫ్లయింగ్ సీను!

తెరమీద హీరో ఎగిరితే వెనకాల తీగ ఉంటుందని మనకు తెలుసు. హిమాచల్‌ప్రదేశ్‌లో, సుమారు 2,400 మీటర్ల ఎత్తున్న బిల్లింగ్ కొండమీంచి పారాగ్లైడర్‌తో ఎగిరిన నాకు ఆ తీగేదీ? ధర్మశాల వైపు పోతుంటే ఓ లోయ మీద గాలి కిందికి లాగేసింది. కాళ్ల దగ్గర స్పీడ్ బార్ ఉంది. తొక్కాలంటే భయం! నెమ్మదిగా పోతే క్షేమమనుకున్నాను. ఇంకేం, పొలంలో దిగి, మూట భుజానేసుకుని బస్సుకోసం నడక!

మర్నాడు మళ్లీ అదే లోయ. ఈసారి సగం తొక్కాను. బార్ తొక్కితే ముందువైపు తాళ్లు దిగి, రెక్క ముక్కు వంగి, వేగం పెరుగుతుంది. దిగలాగే గాలిలోంచి ఎంత త్వరగా బయటపడితే అంత ఎత్తు మిగులుతుంది. ఎదురుగాలికీ ఇదే మందు. అయితే నేలకు దగ్గరలో ఈ సరదా వద్దు సుమండీ!

ఇంతలో రెక్క కుడికొస మెత్తబడింది... గుండె జారింది! చేతులు బ్రేకులమీదికి పోబోయాయి. ఊహూఁ, ముందు కాలు! బార్ తొక్కి ఉండగా బ్రేకు లాగితే రెక్క ముడుచుకునే ప్రమాదం ఎక్కువ. కాలు వదిలాను. రెక్క బిగిసింది.

అవతలి గట్టుమీద రాబందులు గుండ్రంగా తిరుగుతున్నాయి. సినిమాల్లో అయితే అది చావు సీను. నాకు మాత్రం పైకి లేపే గాలి దొరికిందన్న కబురు!