కసాండ్రా చెప్పింది... ఎవరూ వినలేదు!

కొంప కాలబోతోందని ముందే తెలుసు. గొంతు చించుకుని చెప్పినా వినే నాథుడు లేడు. గ్రీకు పురాణాల్లో కసాండ్రా బతుకంతా అదే.

ఆమె ట్రాయ్ రాజు ప్రయామ్ కూతురు. అందానికి మనసు పారేసుకున్న అపోలో దేవుడు ఆమెకు భవిష్యత్తు చెప్పే శక్తినిచ్చాడు. తీరా ఆమె కాదనేసరికి మండిపడ్డాడు. ఇచ్చిన వరం వెనక్కి తీసుకోలేక మెలిక పెట్టాడు. ఆమె పలికిందల్లా నిజమవుతుంది, కానీ ఒక్కరూ నమ్మరు! చెక్కగుర్రాన్ని కోటలోకి లాగొద్దని మొత్తుకున్నా జనం లాక్కెళ్లారు. ఆ రాత్రే ట్రాయ్ తగలబడింది.

విచిత్రం ఏమిటంటే, ఆమె కవల సోదరుడు హెలెనస్‌కూ జోస్యం వచ్చు. అతని మాటను మహావీరుడు హెక్టర్ శిరసావహించాడు. చివరికి శత్రువులైన గ్రీకులు సైతం అతన్ని పట్టుకుని, అడిగి మరీ విన్నారు. తర్వాత అతను రాజయ్యాడు కూడా. ఇద్దరూ చెప్పింది నిజమే. శాపం మాత్రం చెల్లెలికే!

ఈ తేడా మనకు కొత్తేమీ కాదు. హిందూపురం దగ్గర సోమందేపల్లె లాంటి కరువు పల్లెల్లో ఏ వింత జరిగినా 'బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు' అంటారు. పదిహేడో శతాబ్దపు వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానానికి రాయలసీమలో ఉన్న గౌరవం అది. మరి గద్దె బుట్ట, చేతికర్రతో గడప గడపకూ తిరిగి, చేటలో బియ్యం పోయించుకుని చెప్పే ఎరుకలసాని జోస్యమో? దాని పేరు సోది. ఇవాళ ఎవరైనా పనికిరాని మాటలు మాట్లాడితే 'ఆపవయ్యా నీ సోది' అంటున్నాం. ఆడమనిషి చెప్పిన జోస్యం పేరే తిట్టుగా మారిపోయింది.

కసాండ్రా కథ ట్రాయ్‌తో ముగియలేదు. గ్రీకు రాజు అగమెమ్నాన్ ఆమెను బందీగా ఇంటికి తెచ్చాడు. క్రీస్తుపూర్వం 458లో ఈస్కిలస్ ప్రదర్శించిన నాటకంలో ఆ ఘట్టం చదివితే ఒళ్లు జలదరిస్తుంది. రాజును అతని భార్యే చంపబోతోందని, తననూ వదలదని కసాండ్రా ఊరి పెద్దలకు చెబుతుంది. ఎంత విడమరిచినా వాళ్లకు తలకెక్కదు. ఆమె జోస్యపు కర్రను, మెడలోని దండలను నేలకేసి కొట్టి, చావు తెలిసే లోపలికి నడుస్తుంది. కాసేపటికి రాజు చావుకేక వినిపిస్తుంది. ఏం చేద్దామా అని పెద్దలు అప్పుడు చర్చకు కూర్చుంటారు.